మడవ కట్టినా ఆగని ఇంజను

నా చిన్నప్పుడు నేను ఉరకలెత్తే ఏటిని ఒంటిచేత్తో ఆపేశాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ ఏరు కాస్త వెడల్పవుతూ వచ్చింది. ఈమధ్య మా మనవరాలికి చెప్పేసరికి దాదాపు కృష్ణ అంత అయింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గించుకోవాలి. అది ఏరు కాదు, కాలువ. కాలువ అన్నా ఎక్కువే, మిరప చేలోకి నీళ్లు పారడానికి మా నాన్న పారతో లాగిన పిల్లకాలువ. ఇక ఒంటిచేత్తో ఆపడం సంగతి. అది నిజమే. కాకపోతే దాంట్లోనూ ఒక మెలిక ఉంది, తర్వాత చెబుతాను.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలే. గుంటూరులో ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చి, మిరపాకు ఫోటో తీసి పెడితే ఏ తెగులు పట్టిందో చెప్పే ప్రోగ్రాం ఒకటి తయారు చేస్తానని కూర్చుంది. ఆకు ముడత వస్తే పురుగుమందుల కొట్టువాడు ఏది చేతికిస్తే అది కొట్టే ఊరు మాది. నాకు ఆ పని బాగా నచ్చింది. చేలోంచి ముడుచుకున్న ఆకులు ఏరి తెచ్చి ఆ పిల్ల ముందు కుప్ప పోశాను. కానీ వేల ఫోటోలు నేర్చుకునే బలం తన లాప్‌టాప్‌కి లేదట. అందుకని పెద్ద కంప్యూటర్ ఒకటి అద్దెకి తీసుకుంది. దాన్ని క్లౌడ్ అంటారట.

“ఎక్కడుందే ఆ కంప్యూటరు?” అన్నాను.

“ముంబైలో తాతయ్యా. పెద్ద గోడౌను లాంటి చోట వరసలు వరసలుగా పెట్టి ఉంటాయి. మనకి కావాల్సినంత సేపు ఒకటి ఇస్తారు.”

మా వసారాలో కూర్చుని ఆ పిల్ల ఒక మీట నొక్కింది. నేనెన్నడూ చూడని ఊళ్లో, ఎవరో నిద్రలేచినట్టు ఒక యంత్రం లేచి మా మిరపాకుల్ని చూడడం మొదలుపెట్టింది. లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి కూడా లేదు. పని అక్కడ, వేడి అక్కడ, ఫలితం మాత్రం మా ఇంట్లో. ఇంత వయసొచ్చాక నాకు నోరు తెరుచుకుని ఉండిపోయే అదృష్టం మళ్లీ పట్టింది.

కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో కొంత ఉచితంగా ఇస్తారట. దానికి ఒక గడువు ఉంటుంది, ఒక సొమ్ము హద్దు ఉంటుంది. ఏది ముందు అయిపోతే అక్కడితో ఉచితం ఆఖరు. ఉచితమే అయినా బ్యాంకు కార్డు అడిగారు. నా కార్డు ఇచ్చాను. ఊరికే ఇచ్చేదానికి కార్డు ఎందుకని అడిగితే, మనం దొంగపేర్లతో చేరలేదని నమ్మకం కోసమంది. ఆ నమ్మకం ఎవరికి కావాలో, ఎందుకు కావాలో నాకు లోపల ఎక్కడో తెలుసు గానీ, పిల్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను.

మర్నాడు కూడా పొద్దున్నుంచీ పనిచేసి, మధ్యాహ్నం అయ్యేసరికి లాప్‌టాప్ మూత టప్పున వేసి, “రా తాతయ్యా, భోంచేద్దాం” అంది.

“మిషను ఆపావా?”

“మూత వేశాగా!”

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గోంగూర పచ్చడి ముందు కూర్చున్నవాడికి ఉన్నట్టుండి డీజిల్ వాసన కొట్టింది.

నేను ఆ కాలువ ఆపిన ఏడు, కార్తీకంలో వాన మొహం చాటేసింది. మా నల్లరేగడి నెర్రెలిచ్చింది. మిరప పూత మీద ఉంది. చేలో బావి ఉంది గానీ ఎద్దులు మోట లాగి తోడితే పొద్దంతా కలిపి నాలుగు సాళ్లు తడిసేవి. చివరి సాలు తడిసేసరికి మొదటి సాలు మళ్లీ వాడిపోయేది. మా ఇంట్లో అందరూ ఆ పూత వంక చూస్తుంటే, మా అక్క మాత్రం ఇంకా ఆశగా చూసేది. ఊళ్లో ఉన్న బడిలో దాని చదువు అయిపోయింది. పై చదువుకి పక్క టౌనులో హాస్టల్లో చేర్చాలి. పంట చేతికొస్తే ఒక బస్తా మిరపకాయలు దాని పేర పక్కన పెడతానని అమ్మ మాటిచ్చింది. అక్క బడి బస్తా అని దానికి పేరు కూడా పెట్టేశాం, ఇంకా కాయ పట్టకుండానే. ఆ బస్తా లేకపోతే అక్క చదువు అంతటితో సరి, కలుపుకి పోవడమే.

అప్పుడు వచ్చింది ఇంజను. ఊళ్లో వరసకి అందరికీ తాతయ్య అయ్యే ఒకాయన పొగాకు అమ్ముకున్న డబ్బుతో గుంటూరు వెళ్లి, డీజిల్ ఇంజను కొని ఎడ్లబండి మీద తెచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు ఇంజను తాతయ్య. మా బావి దగ్గర దాన్ని దించి, గొట్టాలు బిగించి, హ్యాండిలు పట్టుకుని తిప్పాడు. నల్లటి పొగ కక్కింది. డుబుడుబుమంటూ నేల అదిరింది. గొట్టం ఖాళీగా దగ్గి, దగ్గి, ఒక్కసారిగా మనిషి తొడంత లావున నీళ్లు కక్కింది. పక్క చేలో ముసలావిడ చేతులు జోడించింది. మా అమ్మ దోసిలి పట్టి రుచి చూసింది, నీళ్లు డీజిల్ వాసన వస్తాయేమోనని. నాకైతే బావి అడుగున ఎవరో భీముడి లాంటివాడు కూర్చుని నీళ్లు పైకి విసురుతున్నాడనిపించింది. వంగి చూడబోతే నాన్న జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

ఇంజను తాతయ్య పద్ధతి ఒకటి ఉండేది. ఎవరి చేలోనైనా మొదటిసారి ఇంజను పెడితే, పొద్దున మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంజను చక్రం నీడ చక్రం కిందికే చేరేదాకా, అంటే మిట్టమధ్యాహ్నం దాకా, ఊరికే. ఆ తర్వాత తిరిగిన ప్రతి గంటకీ లెక్క. డబ్బు అడగడు, కోతలప్పుడు కల్లంలో ఎండుమిరపకాయలు తూచుకుంటాడు. ఆయన దగ్గరుండి కాపలా కాసేవాడూ కాదు. ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ డుబుడుబు ఊరంతా వినబడుతుంది. అదే ఆయనకి గడియారం.

మా నాన్న లెక్క నాన్నది. ఊరికే ఇచ్చే ఆ పూటలోనే చేను మొత్తం తడిపేయాలని తెల్లారకముందే సాళ్లన్నీ సిద్ధం చేశాడు. అంతా అనుకున్నట్టే జరిగింది. ఇంకో రెండు సాళ్లు మిగిలి ఉండగా, ఇంటి దగ్గర ఎద్దు కడుపుబ్బి పడిపోయిందని కబురొచ్చింది. నాన్న పార నా చేతికిచ్చి, “ఆఖరి సాలు నిండగానే పరిగెత్తుకెళ్లి తాతయ్యని పిలువు, వచ్చి ఇంజను ఆపుతాడు” అని చెప్పి పరిగెత్తాడు.

ఆఖరి సాలు నిండింది. నీడ ఇంకా చక్రం కిందికి రాలేదు. నేను పరిగెత్తలేదు. కాలువ గట్టుకి గండి కొట్టి చేలోకి నీళ్లు వదులుతామే, ఆ మడవకి మట్టీ గడ్డీ అడ్డం వేసి గట్టిగా కట్టేశాను. మా వైపు రైతు పిల్లలకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చెరువు కాలువ నీళ్లకి వంతులుంటాయి. మన మడవ కట్టేస్తే మన వంతు అయిపోయినట్టే, ఆ తర్వాత నీళ్లు ఎటు పోయినా మనల్ని అడిగేవాడు ఉండడు. చేలోకి చుక్క రావడం లేదు, ఇంకా లెక్కేమిటి? నా తెలివికి నేనే మురిసిపోయి వేపచెట్టు కింద నడుం వాల్చాను. ఆ డుబుడుబే జోలపాట అయింది.

లేచేసరికి నీడలు సాగిపోయి ఉన్నాయి. ఎదురుగా ఇంజను తాతయ్య. తిట్టలేదు. ఇంజను వైపు కూడా పోలేదు. నా మణికట్టు పట్టుకుని, “రారా మనవడా, నీ నీళ్లు ఎంత దూరం వెళ్లాయో చూసొద్దాం” అన్నాడు.

నేను కట్టిన మడవ చెక్కుచెదరలేదు. నీళ్లు దాని దగ్గర ఆగి, పైకి లేచి, పక్కనుంచి గట్టు తెంచుకుని డొంకలోకి దిగాయి. బండి చక్రాల గాళ్లలో రెండు పాయలై సాగాయి. వాటి వెంబడే మేమూ నడిచాం. డొంక దాటి, తుమ్మలూ జిల్లేళ్లూ తప్ప ఇంకేమీ మొలవని బీటి నేల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. అక్కడ ఆకాశం నేల మీద పడి ఉంది. అంత నీరు. వాన లేని ఏడు, ఊరంతా దుమ్ము కొట్టుకుపోతుంటే, అక్కడ మబ్బు తునకలు నీళ్లలో తేలుతున్నాయి. ఎక్కడినుంచి వచ్చాయో తెల్లకొంగలు వచ్చి వాలాయి. ఎవరివో గేదెలు మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాయి. కప్పలు అప్పుడే కచేరీ మొదలుపెట్టాయి. నేను నిద్రపోతుంటే నా వెనకాల ఇంత లోకం తయారైంది! ఒళ్లు పులకరించింది.

“బాగుందా?” అన్నాడు తాతయ్య.

“చాలా బాగుంది తాతయ్యా!”

“ఇదంతా మీ నాన్న లెక్కలోదేరా.”

అక్క బడి బస్తా గుర్తొచ్చింది. కొంగలు ఒక్కసారిగా మసకబారాయి.

బావి దగ్గరికి తిరిగొచ్చాక ఆయన నా అరచేతిని గొట్టం మీద పెట్టాడు. అదురు భుజం దాకా పాకింది. “ఇది అదురుతున్నంత సేపూ లెక్క నడుస్తూనే ఉంటది. నీళ్లు మొక్కకి పోతున్నాయా, కొంగలకి పోతున్నాయా దీనికి తెలీదు. నువ్వు నిద్రపోయావా, మెలకువగా ఉన్నావా, అదీ తెలీదు. మడవ నీ చేనుకి. మీట దీనికి.” అని, నా చేతిని ఇంజను మీట మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కాడు. ఒంటిచేత్తో ఆపానన్నది అదే. చెయ్యి ఒకటే, దాని మీద ఇంకో చెయ్యి ఉందన్నది ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది నేను మళ్లీ వినలేదు. చెవుల్లో నా రక్తం చప్పుడే వినబడింది. బావిలోకి వంగి చూస్తే నీళ్లు ఎక్కడో పాతాళంలో ఉన్నాయి. ఆయన వెళ్తూ వెళ్తూ, “గొట్టాలు రేపు తీస్తాను. అందాకా మీ చేలోనే ఉంటాయి గనక వాటి అద్దె వాటిదే” అన్నాడు. నాన్నతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పంట పండింది, బళ్లు తెరవగానే అక్క హాస్టలుకి వెళ్లింది. అంత పెద్దమనిషి ఆ బీటి నీళ్లు లెక్కలో వెయ్యకుండా వదిలేశాడని నేను ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను.

కథ అయ్యేసరికి మనవరాలి కంచంలో అన్నం ఎండిపోయింది. ఎడంచేత్తోనే లాప్‌టాప్ మూత తీసి, “అయ్యో తాతయ్యా!” అంది. ఇవాళ పెట్టిన మిషనే కాదు, నిన్న పెట్టి మూతేసి పడుకున్నది ఇంకోటి, రెండూ పని లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఉచితంగా ఇచ్చిన దాంట్లో సగం పైగా కొంగలకి పోయింది. నా కార్డు జోలికి ఇంకా రాలేదు, అంతే.

“ఇంత ఖర్చు దాటితే చెప్పమని హెచ్చరిక పెట్టుకున్నా. మెయిల్ కూడా వచ్చింది, చూళ్లేదు.”

“మెయిల్ వచ్చి మీట నొక్కుతుందా?”

“నొక్కదు తాతయ్యా. చెబుతుందంతే.”

రెండు మిషన్లూ ఆపే పని నాకే ఇచ్చింది. తెర మీద మీట నొక్కాను. ముంబైలో ఎక్కడో రెండు యంత్రాలు ఊపిరి బిగబట్టాయి. ఏమీ వినబడలేదు, అయినా నా చెవులు ఆ రోజులాగే హోరెత్తాయి. అంతలో పిల్ల, “ఆగు, మిషను ఆపినా దాని డిస్కు ఉన్నంతకాలం అద్దె పడుతుంది” అని, కావాల్సింది దింపుకుని అది కూడా తీసేసింది. గొట్టాలన్న మాట! నేను నవ్విన నవ్వుకి పొలమారింది.

ఇప్పటికీ ఎవరి చేను పక్కనుంచి వెళ్తున్నా మోటారు గొట్టం మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూస్తాను. ఇల్లు వదిలి ఊరెళ్తుంటే తలుపు వేశామా అని కాదు, లోపల ఏదైనా తిరుగుతోందా అని వెనక్కి వస్తాను. మూసినదానికీ ఆగినదానికీ మధ్య ఎంత నీరు పారగలదో ఆ బీటి నేల మీద చూసినవాణ్ణి.

ఆ మధ్యాహ్నం అదే ఉత్సాహంలో చీరాలలో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నాచేత కథంతా మళ్లీ చెప్పించుకుంది మనవరాలు. ఇంజను తాతయ్య దయాగుణం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త బొంగురుపోయింది కూడా.

“ఒరేయ్,” అంది అక్క. “ఆయన లెక్కలో వెయ్యలేదని నీకెవరు చెప్పార్రా?”

“మరి నువ్వు హాస్టలుకి వెళ్లావుగా అక్కా!”

“వెళ్లాను. నిన్ను బీట్లో తిప్పి కొంగలు చూపించిన సేపు కూడా కలిపి వేశాడు ఆ మహానుభావుడు. నా బస్తా పోకూడదని, ఆ బాకీ కూలి కింద తీరేలా అమ్మ నన్ను తీసుకెళ్లి ఆయన కల్లంలో కూర్చోబెట్టింది. కోతలన్నాళ్లూ ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరాను. చేతులు భగభగ మండుతుంటే మజ్జిగ్గిన్నెలో ముంచుకుని అన్నం తినిపించమనేదాన్ని అమ్మని. నువ్వు ఆ పక్కనే కూర్చుని ఊరి పిల్లలకి కొంగల కథ చెబుతున్నావు. ఇకనుంచి ఆ పిల్లకి చెప్పేటప్పుడు ఊరికే వచ్చిందని చెప్పకు. మా అక్క కట్టిందని చెప్పు.”