తెర నల్లబడ్డాక

రెండువేల ఇరవై నాలుగు, వర్షాకాలం. అమలాపురంలో నేను ఆపరేటర్‌గా పనిచేసే థియేటర్‌కి తెల్లదొరల కాలంనాటి కన్యాస్త్రీల కాన్వెంట్ కథ ఒకటి వచ్చింది. ఫైట్లు లేవు, పాటలు లేవు. జనం పలచగా వస్తున్నారు.

ఇప్పుడు రీళ్ళు లేవు, అంతా కంప్యూటర్ సర్వరే. హాల్లో లైట్లు ఎప్పుడు వెలగాలో దానికి ముందే చెప్పి ఉంచుతాం, దాన్ని క్యూ అంటారు. మా అలవాటు ప్రకారం కథ చివర తెర నల్లబడగానే లైట్లు వెలుగుతాయి, గేటు దగ్గర సత్తిబాబు తలుపులు బార్లా తీసేస్తాడు. జనం అప్పటికే చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఈ సినిమాలో చిన్న సిస్టరమ్మ గోడ దాటి ఏట్లోకి దిగుతుంది, తెర నల్లబడుతుంది. క్యూ అక్కడే పెట్టాం, తర్వాత వచ్చేవి పేర్లే కదా అని నేనూ చూడలేదు.

ఒకరోజు మ్యాట్నీ అయ్యాక ఒక పెద్దావిడ కుర్చీలోంచి లేవలేదు. అల్లవరం నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు.

"ఆ పిల్ల చచ్చిపోయిందాండీ?"

"ఆయ్, మునిగిపోయిందండి. అందరూ అదే అంటున్నారు."

"మీరు చూసేరా?"

ఇన్నేళ్ళుగా సినిమాలు వేస్తున్నవాణ్ణి పట్టుకుని ఆ ప్రశ్నేమిటని ఒళ్ళు మండింది. కానీ నిజంగానే చూడలేదు.

"తెడ్డు చప్పుడు వినిపించిందండి. లైట్లేసేసేరు, అందరూ అడ్డంగా నిలబడ్డారు. నేనూ ఆ వయసులోనే కాన్వెంట్లోంచి వచ్చేసేనండి. అలా వచ్చేసినోళ్ళు బాగుపడరని మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు. ఈ పిల్ల బతికిందో లేదో చూసే వెళ్తాను."

నేనొక్కణ్ణే ముందుగా చూసేయొచ్చు. ఆవిడకన్నా ముందు చూడబుద్ధి కాలేదు. క్యూ తీసేశాను. తలుపు తియ్యొద్దంటే సత్తిబాబు గొణిగాడు.

"జనం తిడతారండి."

"నన్ను తిట్టమను."

ఫస్ట్ షో. తెర నల్లబడింది. జనం లేచారు, లైట్లు రాలేదు. ఎవరో తలుపు బాదారు. "కూర్చోండి బాబూ, ఇంకా ఉందండి" అని కేబిన్ కిటికీలోంచి అరిచాను. నిజంగా ఉందో లేదో నాకే తెలియదు. చీకట్లో తెడ్డు చప్పుడు.

తెర మీద తెల్లవారింది. పడవలో ఆ పిల్ల, కత్తిరించిన తడి జుట్టు గాలికి ఆరబెట్టుకుంటూ నవ్వుతోంది.

హాలంతా ఈలలు. నేనూ వేశాను. ఆవిడ నిలబడి చప్పట్లు కొడుతుంటే, కూర్చోమని వెనకవాళ్ళెవరూ అనలేదు. సినిమా ఎక్కడ అయిపోయిందో తేల్చడం మన పని కాదని ఆరోజు తెలుసుకున్నాను. ఇప్పుడు మా హాల్లో ఆఖరి పేరు వెళ్ళేదాకా లైటు వెలగదు.

మర్నాడు మ్యాట్నీకి ఆవిడ వాళ్ళ అన్నయ్యగారిని వెంటబెట్టుకొచ్చారు. తెర నల్లబడగానే ఆయన లేవబోయారు.

"కూర్చో అన్నయ్యా," అన్నారావిడ, చెయ్యి పట్టుకుని. "ఇంకా ఉంది."