పసుపు రాసిన గమ్‌బూట్లు

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి, తాత చిన్న ఓబుళరెడ్డి. ఆళ్లగడ్డకు దగ్గరలోని మా ఊళ్లో ఏరువాక నాడు మా ఇంటి నాగలి కదిలాకే తక్కిన నాగళ్లు కదిలేవి. నాకు ఊహ తెలిసేనాటికి భూములన్నీ పోయి ఒక్క పత్తిచేను మిగిలింది. ముందు నడిచే హక్కును మాత్రం ఊరు మా దగ్గర నుంచి తీసుకోలేదు. మొన్న నంద్యాలలో రైతుల శిక్షణకు తెచ్చిన గమ్‌బూట్ల పెట్టె విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. హుసేన్ సారు కళ్లముందుకు వచ్చారు. పురుగుమందు జాగ్రత్తలు చెప్పే ఈ పనిని నాకు నేర్పింది ఆయనే.

సారు పాణ్యం మనిషి, అప్పట్లో మా మండల వ్యవసాయాధికారి. ఆయన మా ఊరికి వచ్చిన ఏడాదే మా నాయన మందు కొడుతూ చేనులో పడిపోయాడు. ఒళ్లంతా చెమట, నోట నురగ. నంద్యాల ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది కానీ, మరోసారి ఇలా జరిగితే తన చేతిలో ఉండదని డాక్టరు చెప్పాడు. కూలి మనిషిని పెడదామన్నాను. "నేను తాగలేని విషం ఇంగొకనికి తాపిచ్చేదా? మన ఇంట్లో ఆ పని లేదు" అన్నాడు నాయన. కాళ్లు కాస్త నిలదొక్కుకోగానే మళ్లీ పంపు భుజానికెత్తాడు.

సంగతి తెలిసి సారు చేనుకే వచ్చారు. పంపులో మందుకు బదులు కుంకుమ నీళ్లు పోయించి, ఎప్పటిలాగే కొట్టమన్నారు. నాయన తెల్లపంచె కట్టుకుని, ఒట్టికాళ్లతో, ఎదురుగాలిలో ఒక సాలు కొట్టుకొచ్చాడు. పంచె మోకాళ్లదాకా ఎర్రబడింది. పాదాలు చెప్పనక్కర్లేదు.

"ఏందప్పా పెద్దరెడ్డీ, ఈ వయసులో పారాణి పెట్టుకున్నావ్! పెండ్లి యాడ?" అని పక్కచేని మద్దిలేటి గట్టుమీది నుంచి అరిచాడు. చుట్టుపక్కల చేలల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాయన నవ్వలేదు. వంగి, పాదాల మీది ఎరుపును వేలితో తుడిచి చూసుకున్నాడు.

అప్పుడు సారు సంచిలోంచి గమ్‌బూట్లు తీశారు. నాయన ముఖం బిగుసుకుంది. మా వైపు చేనులోకి చెప్పులతో దిగరు. గట్టుమీదే విడిచి, మట్టిని కళ్లకద్దుకుని దిగుతారు.

"సచ్చినా సరే సారూ, తల్లి మీద బూట్లేసుకోని నడవను."

"మడక దిగుతాండాది గదా రెడ్డిగారూ ఆ తల్లి మీదికి? ఆడ కర్రుకు ఇనుము లేదా?"

"అది పనిముట్టు. పూజ చేసి దింపుతాం."

"వీటికీ చేయండి. ఇంట్లోకి తేవద్దు, బజార్లోకి తొడగొద్దు. మందు కొట్టేపొద్దు తప్ప తాకొద్దు. మీరు దిగకుంటే ఈ ఊళ్లో ఎవడూ దిగడు. మిమ్మల్ని అడుక్కుంటాండా."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతులో బతిమాలడం లేదు. సమానుడు సమానుణ్ణి అడిగినట్టు నిటారుగా నిలబడి అడిగారు. నాయన నన్ను పసుపు తెమ్మన్నాడు. బూట్లకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి తొడుక్కున్నాడు. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు. గాలి వాలు చూసుకుని దిగాడు. "ఏందీ, దయ్యం మాదిరి ఉండానా?" అని నన్నడిగాడు. వారం తిరక్కుండా మద్దిలేటి సారు దగ్గరికి వచ్చి, తన కాళ్ల కొలత చెప్పాడు.

నాయన మళ్లీ పడిపోలేదు.

సారు ఇప్పుడు లేరు. వెలుగోడు వైపు వెళ్లినా, పాణ్యం వైపు వెళ్లినా, శిక్షణ మొదలుపెట్టే ముందు ఆ ఊళ్లో మొదట దిగే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ల గడపకు వెళ్లి అడుగుతాను. అడగడంలో తల వంచనక్కర్లేదని ఆయన్ని చూసి తెలుసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే. నాయన తెల్లజుట్టుతో చాలా ఏళ్లు బతికాడు. చివరికి ఆ మిగిలిన పత్తిచేనును కూడా ఆయనే ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి, సంతకం పెట్టి అమ్మాడు.