ఒకే కంచం, రెండు గినీ పందులు

ఆత్మకూరులోని మా ఇంటికి రెండు గినీ పందులు వచ్చిన నాడే వాటి పేర ఒక నోటుబుక్కు తెరిచాను. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్ళూ రాతలో లేనిదేదీ నమ్మినవాణ్ణి కాను. అందులో మొదటి పుట మాత్రం మా మనవరాలిది. కొత్త అద్దె ఇంటి యజమాని జంతువులను ఒప్పుకోలేదని మా అమ్మాయి వాటిని మాకు అప్పగించినప్పుడు, ఆ పిల్ల నాచేత హామీ రాయించుకుంది: "రెండింటినీ క్షేమంగా చూస్తాను. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా ఉంచను." కింద నా సంతకం.

రెండూ మగవే, కుందేలు పిల్లలంత ఉంటాయి. గోధుమరంగుది పెద్దది, తెల్లది చిన్నది. అన్నదమ్ముల్లా ఉంటాయని అమ్మినవాడు చెప్పాడట. అతడు అబద్ధమాడలేదు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు ఎలా ఉంటారో అలాగే ఉన్నాయి.

నా నమోదులు ఇవి. సోమవారం ఉదయం: పెద్దది చిన్నదాన్ని తరిమింది, కారణం తెలియదు. మధ్యాహ్నం: చిన్నది పెద్దదాన్ని చూసి పళ్ళు పటపటలాడించింది, కారణం, ఉదయం జరిగినది. సాయంత్రం: పెద్దది చిన్నదాని చెవి కొరికింది, నెత్తురు వచ్చింది, కారణం, చిన్నది అక్కడ ఉండడం.

నెత్తురు చూసి నా భార్య తీర్పు చెప్పింది. "ఆదివారం లోపల ఒకటి ఈ ఇంట్లోనుంచి పోవాల. పెద్దదో, చిన్నదో, మీరో, మీరే తేల్చుకోండి."

నేను కంగారుపడలేదు. మా బాప్టిస్టు సంఘానికి పెద్దగా ఉండి తగవులు తీర్చిన అనుభవం నాకుంది. మాకొక పాత పద్ధతి ఉంది: కొట్లాడుకున్న ఇద్దరినీ కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, ఒకే కంచంలో అన్నం పెడతాం. కంచం ఖాళీ అయ్యేసరికి కోపం కూడా ఖాళీ అవుతుంది. అదే పద్ధతిలో స్టీలు కంచం నిండా కొత్తిమీర, కీరదోస ముక్కలు పెట్టి, ఇద్దరినీ ఎదురెదురుగా దించి, కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అనకముందే పెద్దది కంచంలోకి ఎక్కి కూర్చుంది. చిన్నది దాని వెనుకభాగం కొరికింది. విడదీయబోయిన నా బొటనవేలిని కరిచినది ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు. నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా వదిలాను.

ఉదయగిరిలో నా పాత మిత్రుడొకడున్నాడు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. అతని దగ్గర ఒక ముసలి గినీ పంది, జతది చనిపోయాక ఒంటరిగా మిగిలి ఉంది. మావాటిలో ఏది దానితో కలిస్తే దాన్ని అక్కడ వదలొచ్చని, శనివారం రెండింటినీ చెరో బుట్టలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను.

"ఏంది సార్, ఎలకల్ని బస్సులో తిప్పతా ఉండారు?" అన్నాడు కండక్టరు.

"ఎలుకలు కావు. గినీ పందులు."

"పందులైతే అసలొద్దు సార్, దిగండి."

నోటుబుక్కు తెరిచి హామీపత్రం చూపించాను. అతడు చివరిదాకా చదివాడు. "సంతకం గూడా పెట్టినారే!" అని జాలిపడి, వెనక సీటు చూపించాడు.

నా మిత్రుడు నమోదులన్నీ విని, కంచం దగ్గరకొచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందయ్యా హెడ్మాస్టరూ! మనుషులకు ఒకే కంచం పెడితే సిగ్గుపడి తింటారు. వీటికి సిగ్గెక్కడుండాదయ్యా?"

ఆ వాదనలో పస ఉందని అంగీకరించక తప్పలేదు.

అతడు ఎవరిదీ కాని చోటు కావాలని వరండా కడిగించి, దూరదూరంగా కంచాలు, రెండు వైపులా దారులున్న అట్టపెట్టెలు పెట్టాడు. ముందు పెద్దదాన్ని ముసలిదాని ముందు వదిలాం. పళ్ళ చప్పుడు మొదలైంది. తువ్వాలు అడ్డం వేసి విడదీశాం. తర్వాత చిన్నది. ముసలిది దాని గాయపడిన చెవిని వాసన చూసి, మళ్ళీ గరిక నమలసాగింది. కాసేపటికి చిన్నది వెళ్ళి దాని పక్కన ఒదిగి పడుకుంది.

"మావోడు నెలనుంచి సరిగా తినలా. ఇప్పుడు చూడు" అన్నాడు మిత్రుడు. చిన్నదాని ఖాళీ బుట్టను నా వైపు జరిపాడు.

చిన్నదాన్ని అక్కడ వదలాలంటే హామీని సవరించాలి. మనవరాలికి ఫోన్ చేశాను. ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"చిన్నదానికి తోడు దొరికింది, సరే. మరి పెద్దదానికి ఎవరు తాతా?"

"రాతపూర్వకంగా తెలియజేస్తాను" అన్నాను. ఉద్యోగంలో ఉండగా జవాబు తెలియనప్పుడు పై అధికారులకు నేను చెప్పిన మాట అదే.

ఒక బుట్టలో పెద్దదాన్ని, ఖాళీ బుట్టలో నోటుబుక్కును పెట్టుకుని తిరిగి వచ్చాను. అప్పటినుంచి పెద్దది నా బల్లమీదే ఉంటోంది. నేను రాస్తుంటే పుట అంచు నములుతుంది; నేను ఆక్షేపిస్తాను; అది పళ్ళు పటపటలాడిస్తుంది. దాని కంచాన్ని ఎవరూ జరపకూడదు. నా కుర్చీనీ అంతే. నోటుబుక్కులో దాని పేర కొత్తగా గీసిన "తోడు" అన్న గడి మాత్రం రోజూ ఖాళీగానే ఉండిపోయేది, నాకు నిద్ర పట్టేది కాదు.

వారం తర్వాత చూస్తే ఆ గడిలో నా భార్య చేతిరాత ఉంది: "మా ఆయన. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు గాని, ఇంతవరకు కరుచుకోలేదు."

నా అనుమతి లేకుండా ఆ పుస్తకంలో జరిగిన నమోదు అదొక్కటే. కొట్టివేయలేదు. కింద సంతకం చేసి, నకలు మనవరాలికి పంపాను.