గ్లాసు అడుగున రూపాయి బిళ్ల

ఆ రోజు కూడా ఇబ్రహీంపట్నం బజారులోని మా మందుల దుకాణాన్ని నా భార్యే తెరిచింది. మధ్యాహ్నం ఛాతీ పట్టేసినట్టుందని చెప్పింది. తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, "జర దుకాణం చూడుండ్రి, ఇప్పుడే వస్త" అని వీధి చివరి దవాఖానకు నడిచి వెళ్లింది. అక్కడి మెట్ల మీద పడిపోయింది. నేను చేరేసరికి ప్రాణం లేదు.

ఫార్మసిస్టు ఆమె. లైసెన్సు ఆమె పేరు మీదే ఉంది. నేను చదివింది కామర్స్, బిల్లులు రాసేవాణ్ని.

ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ పైభాగంలోని ఫ్రీజర్‌లో, గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టేది. కరెంటు చాలాసేపు పోతే మంచు కరిగి బిళ్ల అడుగుకు జారుతుంది. నీళ్లు మళ్లీ గడ్డకట్టినా అది పైకి రాదు. ఓసారి తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అది చూసి నవ్వాడు.

"ఇది ఏ రూల్ల ఉన్నదమ్మా?"

"రూల్ల లేదు సార్. మేం ఇంటికి పోయినంక ఫ్రిజ్ ఏం చేస్తదో రూల్‌కు తెల్వదు గద."

ఆయన వెళ్లాక నాతో అంది: "పాడైన ఇన్సులిన్ గూడ మంచిగనే కనబడ్తది. గదే నా భయం."

దినాలు అయ్యాక ఈరోజు షట్టర్ ఎత్తాను. పక్క వీధిలో మందులమ్మే తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. "అన్నా, గోడకు వదిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ గట్లనే ఉండనియ్. వదిన పేరు మీదనే నడిపియ్. ఎవరు చూస్తరు?"

నేను కౌంటరు మీది దుమ్ము తుడవసాగాను. అతను వెళ్లిపోయాడు.

తర్వాత, చూపు సరిగా ఆనని ముసలమ్మ, మా పాత గిరాకీ, షుగర్ సూదిమందు కోసం వచ్చింది. ఫ్రిజ్ తెరిచాను. లోపల చల్లగానే ఉంది. థర్మామీటర్ సరిగానే చూపిస్తోంది. బిళ్ల మాత్రం గ్లాసు అడుగున ఉంది. మూసిన దుకాణంలో కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో చూసినవాళ్లు లేరు.

మందు లేదన్నాను. ఆమె నావైపు చూడలేదు. కోటు వేలాడుతున్న కుర్చీ వైపు తిరిగింది.

"బిడ్డా, గీయన లేదంటున్నడు. నువ్వు చెప్పరాదు?"

ఫ్యాను గాలికి కోటు చెయ్యి కదిలింది. నా భార్య ఇక లేదని చెప్పాలనుకున్నాను. చెప్పకుండా ఫ్రిజ్ తలుపు మూశాను. ముసలమ్మ కాసేపు చెవి ఒగ్గి నిలబడింది.

"సరే బిడ్డా. ఈ రాత్రికైతే ఇంట్ల మందు ఉన్నది. రేపు పొద్దుగాల్ల వస్త."

ఎవరో బదులిచ్చినట్టే తల ఊపి వెళ్లిపోయింది.

రేపు పొద్దున ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ మొత్తం అమ్మకూడని మందుల పెట్టెలో వేస్తాను. సర్టిఫికెట్ దించుతాను. ముసలమ్మకు వేరే దుకాణంలో మందు ఇప్పించి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు లైసెన్సు అప్పగించి వస్తాను. వీటన్నిటికంటే ముందు, ఆమె రాగానే చెయ్యి పట్టుకొని కుర్చీ దగ్గరికి తీసుకెళ్లి, ఖాళీ కోటు చెయ్యిని ఆమె చేతిలో పెడతాను.