నికోలా కోసం వచ్చినవాళ్ళు

మా అన్నయ్య రాతోమిర్‌తో అరవై రెండేళ్ళుగా వేగుతున్నాను. ఇంకెవరైనా అయితే ఎప్పుడో చేతులెత్తేసేవాళ్ళు. పొద్దున్నే కాఫీ తాగి, పాత ఓడ కోటు తగిలించుకుని బెల్‌గ్రేడ్ కోట గోడ దగ్గరికి పోతాడు. అక్కడ టూరిస్టులు గోడ మీదికి ఎగబడి కిందనున్న నదిని ఫోటోలు తీసుకుంటూ డాన్యూబ్, డాన్యూబ్ అని మురిసిపోతుంటారు. మనవాడు వెనకనుంచి వెళ్ళి భుజం తట్టి, అది సావా, డాన్యూబ్ అటు, అని వేలు చూపిస్తాడు. ఎవరడిగారు ఇతన్ని? ముప్పై ఏళ్ళు ఇసుక తోడే ఓడ నడిపాడు కాబట్టి రెండు నదుల పరువూ తనే మొయ్యాలనుకుంటాడు. ఒకసారి ఒక జర్మన్ పెద్దాయన నవ్వి ఊరుకుంటే, చెయ్యి పట్టుకుని ఇరవై అడుగులు లాక్కెళ్ళి మరీ చూపించాడట. పోలీసు వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఇదంతా నాకు చెబుతాడు. నాది అదే బిల్డింగులో రెండో అంతస్తు, అతనిది మూడోది. మా వదిన పోయాక రెండు పూటలా వంట నాదే. వంటతో పాటు అతని కోపాలూ నా నెత్తినే.

ఆ కోపాలన్నిట్లోకీ పెద్దది కూతురు నెవెనా మీద. నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల రాస్మస్ అనే డెన్మార్క్ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. బెల్‌గ్రేడ్ చూసి పోదామని నాలుగు రోజులకొచ్చి, ఇక్కడే ఉద్యోగం వెతుక్కుని ఉండిపోయినవాడు. మా భాష మాట్లాడతాడు, తప్పులతోనే అనుకోండి. నెమ్మదైన పిల్లాడు. మా అన్నయ్య మాత్రం టూరిస్టుకి పిల్లనెవరిస్తారు, చూడ్డం అయిపోగానే పెట్టె సర్దుకుని పోతాడు అన్నాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోను. ఆ టూరిస్టుతో నా గడప తొక్కకు అని కూడా అన్నాడు. నెవెనా తొక్కలేదు. ఇతని కూతురే కదా, ఆ మొండితనం ఎక్కడికి పోతుంది? ఆ పిల్ల ఉండేది ఎక్కడో కాదు, సావా అవతల జెమున్‌లో. బస్సెక్కితే అరగంట. ఆ అరగంట ప్రయాణానికి నాలుగేళ్ళు పట్టింది.

డిసెంబరు పంతొమ్మిదిన మా ఇంటి స్లావా. మా ఇంటి దేవుడు నికోలా స్వామి, ఆ రోజు ఆయన పండుగ. స్లావాకి ఎవర్నీ పిలవం. పిలవడమే తప్పు. తలుపు ఓరగా తీసి ఉంచుతాం, గుర్తున్నవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళని నువ్వెవరని అడగం. ఇంటి యజమాని ఆ రోజంతా కూర్చోడు, గడప దాటడు, వచ్చినవాళ్ళకి పోస్తూ పెడుతూ నిలబడే ఉంటాడు. అందరికీ తీసి ఉండే ఆ తలుపు ఒక్క నెవెనాకే మూసుకుంది. రావొద్దన్న మనిషి ఎలా వస్తుంది?

ఈసారి వారం ముందు నుంచే పోరు పెట్టాను. దానికి ఒక్క ఫోను చెయ్యమన్నాను. స్లావాకి పిలుస్తామా అని నాకే ఎదురు పాఠం చెప్పాడు. వేరేవాళ్ళని పిలవం, నువ్వు పొమ్మన్నావు కాబట్టి దాన్ని పిలవాలి అన్నాను. రావాలనుంటే తలుపు తీసే ఉంది అన్నాడు. నేను నెవెనాతో వారం వారం మాట్లాడతానని అతనికి తెలుసు. తెలియనట్టు నటిస్తాడు. నేను ఫోను పెట్టేశాక మాత్రం ఏదో ఒక వంకతో కిందికి దిగొచ్చి, ఉప్పుందా అని అడిగి, నా మొహం చూసి పోతాడు. ఒళ్ళు మండదా మరి?

పండుగ రోజు మధ్యాహ్నానికి పాత ఓడవాళ్ళు పదిమంది దాకా చేరారు. ఉపవాసాల రోజులు కాబట్టి మాంసం లేదు, చేపల పులుసు, వేయించిన చేపలు, బీన్స్. స్వామి ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడైన ప్రతిసారీ అన్నయ్య తలుపు వైపు చూడడం, వచ్చినవాళ్ళని చూసి మళ్ళీ సీసా అందుకోవడం. నేను చూస్తూనే ఉన్నాను.

ఒంటిగంట వేళకి మెట్ల మీద పెట్టెల చక్రాల మోత వినిపించింది. లిఫ్టు చెడిపోయి నెలయింది. తలుపు తోసుకుని ఒక ముసలి జంట లోపలికొచ్చింది. తెల్ల జుట్టు, ఎర్రగా కందిన మొహాలు, చెరొక పెద్ద పెట్టె. పెద్దాయన ఆయాసపడుతూ అందర్నీ చూసి ఒక్కటే మాటన్నాడు, "నికోలా?"

నికోలా స్వామి పండుగ రోజున నికోలా అంటే ఊరుకుంటారా ఎవరైనా? గదిలో ఉన్నవాళ్ళంతా లేచి నికోలా, నికోలా అంటూ గ్లాసులెత్తారు. అన్నయ్య ఎదురెళ్ళి ఇద్దరికీ మూడేసిసార్లు బుగ్గలు ముద్దాడి, కోట్లు విప్పించి, బల్ల మొదట్లో కూర్చోబెట్టాడు. వాళ్ళ మొహాల్లో హమ్మయ్య అన్న తృప్తి. నేను ఆనవాయితీ ప్రకారం గోధుమ ప్రసాదం పట్టుకెళ్ళాను. చక్కెర, అక్రోటు పొడి కలిపి చేస్తాం, వచ్చినవాళ్ళు ఒక్కో చెంచా తీసుకుంటారు. పెద్దాయన నాకు దణ్ణం పెట్టినంత పని చేసి, గిన్నె మొత్తం ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలెట్టాడు. నేను నోరెళ్ళబెట్టాను. అనడానికి లేదు, అడగడానికి లేదు.

ఇంతలో అన్నయ్య నన్ను వంటింట్లోకి లాగాడు. మొహం పాలిపోయింది.

"విదా, వాళ్ళు రాస్మస్ అమ్మానాన్నలే."

ఆ పేరు అతని నోటి వెంట రావడం అదే మొదలు. నాలుగేళ్ళూ ఆ టూరిస్టు, ఆ టూరిస్టు అనే అన్నాడు. నీకెవరు చెప్పారన్నాను. ఎవరో చెప్పాలా అన్నాడు. పరాయి దేశపు పెద్దవాళ్ళు పెట్టెలతో తిన్నగా మన ఇంటికొచ్చారు, ఇవాళ నికోలా అని కూడా తెలుసు, నెవెనా చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? తను రాలేక వియ్యాలవారిని పంపింది. ఇలా అంతా తనే తేల్చేశాడు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మేశాను.

పులుసు వడ్డిస్తుంటే ఆ పెద్దావిడ తన ఫోను నా ముందుకి జరిపింది. బస్‌స్టాండులో టికెట్లిచ్చిన ఇంగ్లీషు నాకు కాస్త మిగిలుంది. గది బుక్ చేసుకున్న వివరాలు అందులో ఉన్నాయి. నాలుగో అంతస్తు, తాళాలు నికోలా ఇస్తాడు అని రాసుంది. వాళ్ళది ఐర్లాండు. నికోలా అంటే పై అంతస్తులో టూరిస్టులకి గదులు అద్దెకిచ్చే మా కుర్ర నికోలా. వీళ్ళు ఒక అంతస్తు ముందే ఆగిపోయారు.

అప్పుడే చెప్పాల్సింది. కానీ తలెత్తేసరికి అన్నయ్య గ్లాసు పట్టుకుని గది మధ్యలో నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. నేను ఆ ఫోను ఆవిడ సంచీలో పెట్టి, చేప చల్లారిపోతుంది తినండమ్మా అన్నాను.

"బావగారూ, చెల్లెమ్మగారూ, మీ అబ్బాయిని నేను టూరిస్టు అన్నాను" అని మొదలెట్టాడు. "చూసి పోయేవాడన్నాను. అతను పోలేదు. నా కూతుర్ని బాగా చూసుకుంటున్నాడని మా చెల్లెలి మొహం చూస్తేనే తెలుస్తుంది నాకు. నది అవతల ఉన్న ఇంటికి నేనే వెళ్ళలేకపోయాను. తప్పు నాది. నన్ను క్షమించండి."

అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ ఐర్లాండు పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తనంత మనిషి ఏడుస్తుంటే చూడలేక, చెంచా కింద పెట్టి లేచొచ్చి కావలించుకున్నాడు. ఓడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు కుర్ర నికోలా. మీరిక్కడున్నారా, గంట నుంచి వీధంతా వెతుకుతున్నాను, మీ గది పైన కదా అని రెండు భాషల్లోనూ గదంతా వినబడేలా చెప్పాడు. ఓడ వంటవాడు మిలూటిన్ ఒక్కడూ కిసుక్కున నవ్వి, అన్నయ్యని చూసి ఆపేశాడు.

"నీకు తెలుసా?" అన్నాడు అన్నయ్య నాతో.

"తెలుసు. నువ్వు గ్లాసెత్తక ముందే తెలుసు."

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు కదే."

నాకూ తిక్క రేగింది. నాలుగేళ్ళుగా కడుపులో పెట్టుకున్నదంతా బయటికొచ్చింది.

"అంతస్తు తప్పి వచ్చినవాళ్ళని ఊరూ పేరూ అడక్కుండా ముద్దులు పెట్టుకున్నావు. కన్నకూతురికి మాత్రం తలుపు మూశావు. ఇవాళ ఆ మాటలు నీ నోట్లోంచి వచ్చాయి కదా. వినాల్సినవాళ్ళ దగ్గర చెప్పు, పో."

గ్లాసు విసిరేస్తాడనుకున్నాను. మెల్లగా బల్ల మీద పెట్టి, కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు. ఇంటి నిండా చుట్టాలు, స్వామి ముందు కొవ్వొత్తి వెలుగుతోంది, యజమాని గడప దాటకూడదు అని మిలూటిన్ అడ్డం నిలబడ్డాడు. విదా చూసుకుంటుంది అని అతన్ని పక్కకి జరిపి వెళ్ళిపోయాడు. టోపీ లేదు, చేతికి తొడుగుల్లేవు.

ఇక నా అవస్థ వినండి. పదిమంది ఓడవాళ్ళు, పైకి పదండంటే చేప రుచిగా ఉందని కదలని ఇద్దరు ఐర్లాండువాళ్ళు, నిలబడి నిలబడి పీక్కుపోతున్న నా మోకాళ్ళు. అతను నిజంగా జెమున్ వెళ్ళాడో, నది ఒడ్డున మూతి ముడుచుకుని కూర్చున్నాడో తెలీదు. గంటన్నర సేపు వడ్డిస్తూ అతన్ని తిట్టని తిట్టు లేదు. అంత కఠినంగా అనకుండా ఉండాల్సిందని లోపల భయం కూడా వేసింది.

మూడున్నరకి నెవెనా ఫోను చేసింది.

"అత్తా, నాన్న మా వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. పైకి రమ్మంటే రానంటున్నాడు."

"ఏమంటాడే?"

"ఈ ఇంటి యజమాని రాస్మస్ కదా, అతను పిలిస్తేనే వస్తానంటున్నాడు."

"మరి రాస్మస్ ఏడే?"

"దిగి పరిగెత్తాడత్తా. కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోలేదు."

డిసెంబరు చలిలో ఒకడు టోపీ లేకుండా, ఒకడు చెప్పుల్లేకుండా వీధిలో నిలబడ్డారన్నమాట. ఇద్దర్నీ కలిపి తిడదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.