సిగ్నల్ దొరికే గుండు

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ వంటగది కనిపిస్తుంది. ఆదివారం వస్తే నా భార్య ఇంట్లో ఉండనిచ్చేది కాదు. పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరి, నార్సింగి దాటి, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక మట్టిదారి పట్టేవాళ్ళం. అక్కడ రాళ్ళగుట్టల మధ్య చిన్న చెరువుంది. మనుషులు పెద్దగా రారు.

నాకు అప్పట్లో నెలకు రెండు వారాలు ఆన్‌కాల్ డ్యూటీ. కంపెనీ సర్వర్లలో ఏది ఆగినా ఫోన్ నాకే వస్తుంది. పావుగంటలో ల్యాప్‌టాప్ తెరిచి పనిలోకి దిగాలి. తోటి ఉద్యోగి ఒకతను మానేశాక ఆ రెండు వారాలూ నాలుగయ్యాయి.

చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు. గట్టుకు ఇవతల ఒక పెద్ద బండ మీదికెక్కితే మాత్రం కాస్త దొరుకుతుంది. అందుకని ఆమె చెరువు చుట్టూ నడిచేది, నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఆ బండ మీద కూర్చునేవాణ్ణి. తుమ్మచెట్ల వెనక ఆమె చున్నీ కనిపిస్తూ, మాయమవుతూ ఉండేది. ఫోన్ మోగితే కనీసం చేయడానికి ఏదో ఒక పని ఉండేది. చాలా ఆదివారాలు అది మోగేదే కాదు.

ఒకరోజు ఆమెతోపాటు, అక్కడ మేకలు కాసే ముసలమ్మ కూడా బండ దాకా వచ్చింది.

"కాళ్లు మంచిగ లేవా బిడ్డా? ఎప్పుడు జూసినా గీ గుండు మీదనే కూసుంటవు."

"బాగానే ఉన్నాయి అవ్వా. ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని..."

"వస్తదా?"

"రాకపోవచ్చు."

"రాకుంటె గూడ కూసోవాల్నా?"

వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా భార్య చెరువు వైపు తిరిగింది.

"రండి, సగం దాకా నడిచి వెనక్కొచ్చేద్దాం," అంది.

దిగాను. గట్టు దిగగానే సిగ్నల్ పోయింది. చెప్పుల కింద బురద మెత్తగా అణుగుతోంది, పక్కన ఆమె ఏదో పిట్టను చూపిస్తోంది. నేను గడియారం చూసుకుంటున్నాను. ఏడు నిమిషాలు నడిచి ఆగిపోయాను.

"ఇక వెళ్దామా?"

"మీరు వెళ్ళండి. నేను చుట్టు పూర్తి చేసి వస్తాను," అంది. కోపంగా అనలేదు.

దాదాపు పరిగెత్తుతూ వెళ్ళి బండ ఎక్కాను. ఫోన్‌లో ఏమీ లేదు. హమ్మయ్య అనుకోవలసినవాణ్ణి, మళ్ళీ ఒకసారి తెరిచి చూశాను. కింద ఆమె, ముసలమ్మ ఇద్దరూ మేకల వెనక తీరిగ్గా నడుస్తున్నారు.

ఆ సోమవారం డ్యూటీ తగ్గించమని మేనేజర్ని అడిగాను. ఈ క్వార్టర్ గడవనిమ్మన్నాడు. ఆ తర్వాతి క్వార్టర్‌కూ అదే మాట చెప్పాడు. ఇంటి అప్పు వాయిదాలు తలుచుకుని నేనూ గట్టిగా అడగలేదు.

ఈమధ్య ఆమె స్కూటీ నేర్చుకుని ఒక్కతే చెరువుకు వెళ్తోంది. నేను ఇంట్లో వైఫై పెట్టె ఉన్న గదిలో ఉంటాను. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కుంటూ కబుర్లు చెబుతుంది. అవతలి గట్టున రాళ్ళు మెట్లలా నీళ్ళలోకి దిగుతాయట, అవ్వ అక్కడే మేకలకు నీళ్ళు తాగిస్తుందట. ఆ వైపు నేనింకా చూడలేదు.