రాణిగారి జరీ పావడా

మనవరాలి పట్టులంగా మెట్లమీద జీరాడుతుంటే "పైకి దోపుకోవే!" అని అరిచేశాను. అచ్చం మా అవ్వ గొంతే!

నా చిన్నప్పుడు అరకు సంతలో డేరా వేసి మూగ సినిమా ఆడించారు. నలుపు తెలుపుల తెరమీద రాణిని భటులు తరుముతున్నారు. తళతళలాడే జరీ పావడా ఆమె కాళ్లకు చుట్టుకుంటోంది. మోకాళ్ల పైకి చీర కట్టి కొండలెక్కే అవ్వ ఊరుకుంటుందా?

"ఆ గుడ్డతో ఎలగ పరిగెడతావే గుంటా! పైకి దోపుకో, బేగి!" అని లేచి కేకేసింది. డేరాలో ఆడవాళ్లంతా అందుకున్నారు. నేనూ గొంతు చించుకున్నాను.

రాణి చటుక్కున పావడా ఎత్తిపట్టి తుర్రుమంది!

"మన మాట ఇన్నాదే!" అంటూ అవ్వ నన్నెత్తుకుని గెంతింది. మాటలు రాకపోయినా రాణికి చెవులున్నాయని పొంగిపోయాను.

అదంతా ముందే తీసిన బొమ్మని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ రాణిని కాపాడింది మా అవ్వే.